మా తమ్ముని సముద్రం

మొన్న రాష్ట్రమచ్చిన పండుగ నాడు కాలేజీల నాతోని చదువుకున్న దోస్తు ఒకామె ఫోన్ల ఫోటో పంపి, "మీ తమ్ముడే గదా, ఎంత త్యాగం చేసిండో" అని రాసింది. పొయ్యి మీద పప్పు మాడిపోయింది. ఫోటోల సిరిసిల్ల రోడ్డు నడుమ ఇటుకల పొయ్యి, దాని మీద అన్నం గంజు, ముందట మా దిక్కు ఉద్యమం నడిపిన వకీలు సాబు, ఆయన చెయ్యి మా తమ్ముని భుజం మీద. కింద 'ఉద్యమం కోసం విమానం వదులుకున్న గల్ఫ్ సోదరుడు' అని అచ్చు. వదులుకున్నోడు ఎవ్వడు లేడు, వదులుకునేటట్టు చేసినోళ్లున్నరు. గా సంగతి ఫోన్ల రాస్తె ఆమెకు అర్థం కాదు, అందుకే ఇక్కడ రాసుకుంట కూసున్న.

మా కోరుట్ల దిక్కు సముద్రం లేదు. ఇక్కడికెల్లి మస్కట్ పోయినోళ్లల్ల శానమంది సిమెంటు మోసేటోళ్లే. మా తమ్ముడు గూడ సిమెంటుకే పోయిండు గని, ఒక అరబ్బాయన పడవ కడుగనీకి తీస్కపోయి, వాని ఓపిక చూసి పడవ మీదనే ఉంచుకున్నడు. షికారుకచ్చిన తెల్లోళ్లను, షేకులను ఒడ్డు కనవడే దూరంల, రాళ్ల పక్కపొంటి తిప్పి చేపలు పట్టించుడు వాని పని. పట్టుడు కాదు, పట్టించుడు. సెలవు మీద అచ్చినప్పుడు ఆ తేడా వాడే చెప్పిండు. "చేప గాలానికి తగిలింది మనకు ముందు ఎరుకైతది అక్కా. సప్పుడు చెయ్యకుంట గాలం సారు చేతికియ్యాలె. సారే పట్టిండనాలె. ఫోటోల మనం తోక పట్టుకొని మొఖం జర పక్కకు తిప్పాలె." గదేం కొలువురా, దొరల కాడ వెట్టి గిట్లనే ఉండె అన్న. "దొర చేప తినేటోడు. గీళ్లు ఫోటో దిగి మళ్ల నీళ్లల్లనే ఇడిసిపెడ్తరు" అని నవ్విండు. ఉప్పు నీళ్లకు వాని చేతులు మామిడి ఒరుగుల లెక్క ముడుతలు వడ్డయి. బువ్వ కలుపుతుంటె మంటవెడ్తున్నదని చెంచతోని తినేటోడు. వాడు దొరైండని వాడకట్టంత అనుకున్నది.

ఉద్యమం జోరు మీదున్నప్పుడు వకీలు సాబు మస్కట్ పోయి మనోళ్లకు ఉపన్యాసాలిచ్చిండు. శుక్రవారం నాడు మా తమ్ముడు తన సెలవు చెడగొట్టుకొని ఆయనను పడవ మీద తిప్పిండు. వకీలు సాబు అంచున వంగి కక్కుకుంట కూసుంటె, వీడు చేపను తగిలించి గాలం ఆయన చేతుల వెట్టిండు. తిరిగచ్చి కోరుట్ల సభల "సముద్రపు చేపనే లొంగదీసిన, గీ సర్కారెంత" అన్నడాయన. జనం ఈలలేసిన్రు. ముందటి వరుసల కూసున్న నేను మాత్రం చేతులు కదిలియ్యలే.

ఆ తర్వాత మా నాయిన సచ్చిపోయిండు. తమ్ముడు అచ్చి, దినాలు చేసి, అమ్మను కుదురుకు తెచ్చేసరికి వాని సెలవు ఆరు నెలలకు అంటింది. ఆరు నెలలు దాటితె వీసా రద్దు. ఆఖరి రోజుకు టికెటు దొరికింది. బస్సులు బందు, టాక్సీ మాట్లాడుకొని వాని ఎంబడి నేను గూడ ఎక్కిన. సిరిసిల్లల రోడ్డుకు అడ్డంగ పొయ్యి పెట్టి వంటావార్పు. నేను ఉద్యమం కాని మనిషిని కాదు. కోరుట్లల రోడ్డు మీద పొయ్యి పెట్టినోళ్లల్ల నేనొకదాన్ని. కాని కాన్పు మనిషి అచ్చినా, ఫ్లయిటుకు పోయేటోడు అచ్చినా గంజు మేమే పక్కకు జరిపినం. గల్ఫుకు పోయిన మనిషి లేని ఇల్లు మా తాన ఏడున్నది? సిరిసిల్ల పోరగాండ్లు గూడ మంచోళ్లే. సంగతి చెప్పంగనే గుడ్డలు చుట్టి గంజుకు అటిటు చేతులేసిన్రు. గప్పుడే వకీలు సాబు అచ్చిండు.

"ఆగుండ్రి. నువ్వు మస్కట్ తమ్మునివి గాదు?"

"అవును సార్" అన్నడు మావోడు.

"ఫోటో ఆయనను పిలువుండ్రి."

"ఫోటో సంగతి తర్వాత వకీలు సాబ్" అన్న నేను. "ఇయ్యాల ఎక్కకుంటె వాని వీసా పోతది. గంజు జరుపనియ్యుండ్రి."

"పోరగాండ్లు పానాలిచ్చిన్రమ్మా. మీ తమ్ముడు ఒక్క ఫ్లయిటు ఇయ్యలేడా?"

"ఇయ్యమనెటందుకు అది మీ ఫ్లయిటా? గిప్పుడు మీ కారు గీ రోడ్డు మీదికెల్లే అచ్చింది గదా, దానికి ఏ గంజు అడ్డమచ్చింది?"

నలుగురు కిసుక్కుమన్నరు. ఆయన నా దిక్కు చూసుడు బందు చేసి జనం దిక్కు తిరిగి గొంతు పెంచిండు. "రాష్ట్రమచ్చినంక గల్ఫుకు పోయే గతి ఎవ్వనికి? మన మానేరులనే పడవలు తిప్పుతం. వాటికి గీ తమ్మున్నే పెద్దను చేస్త." చప్పట్లు. గా చప్పట్లు వడ్డంక గంజు కదులుతదా? గుడ్డలు పట్టుకున్న పోరగాండ్లు గూడ ఇడిసిపెట్టి చప్పట్లే కొట్టిన్రు. వకీలు చెయ్యి మావోని భుజం మీద వడ్డది. కెమెరా లేవంగనే వాడు నవ్వి, మొఖం జర పక్కకు తిప్పిండు. పడవ మీద నేర్చిన అలవాటు. ఇస్తారిల పప్పు పోస్తె తిన్నడు గూడ. నాకు వకీలు మీద కంటె వాని మీదనే ఎక్కువ మండింది.

రోడ్డు ఇడిసేసరికి ఫ్లయిటు దాటిపోయింది. వాపసు అచ్చుకుంట టాక్సీల గయ్యిన లేచిన. "నోరెందుకు మెదపలే?"

"పడవ మీద సారుతోని లొల్లి పెట్టుకుంటె తెల్లారి మనకు పడవ ఉండదక్కా."

"గిది వాని పడవ కాదురా. మన రోడ్డు."

వాడు కిటికీల కెల్లి పత్తి చేన్లు చూసుకుంట కూసున్నడు. అరబ్బాయన కొన్నొద్దులు చూసి ఇంకోన్ని పెట్టుకున్నడు.

రాష్ట్రమచ్చింది. సంబురపడ్డ, అబద్ధమెందుకు. ఒకపాలి వకీలు సాబు ఇంటికి పోయి పడవల ముచ్చట ఏమైందని అడిగిన. "యాదికున్నదమ్మా, యాదికున్నది" అన్నడు. ఇప్పటికీ యాదికుండే ఉంటది, అండ్ల ఖర్చేమున్నది? మా తమ్ముడు ముస్తాబాద్, సిరిసిల్ల నడుమ ఆటో తోలుతున్నడు. బడి పిల్లలెక్కితె సముద్రం ముచ్చట చెప్తడట, వాళ్లు నమ్మరట. సముద్రంల నీళ్లు ఎక్కుతయి, దిగుతయి, ఒకపాలి నీళ్లెక్కిన యాళ్ల తప్పితె పడవోడు ఒడ్డున కూసుండి మళ్ల ఎక్కేదాక చూస్తడని వాడే చెప్పిండు నాకు. మనిషి వయసు గట్ల మళ్ల ఎక్కేది కాదని ఆ రోజు చప్పట్లు కొట్టినోళ్లకు ఎవరు చెప్పాలె?