బార్లీకి వాసెన

ఇందులో ప్రతి అక్షరం నిజం. మా చర్చిలో ఒట్టు పెట్టుకోకూడదంటారు కాబట్టి దేవుణ్ని మధ్యలోకి లాగను. ఏళ్ల తరబడి లైన్లో నిలబడి ఉన్న నా గ్రీన్‌కార్డు మీద ఒట్టు. అంతకంటే పవిత్రమైన వస్తువు నా దగ్గర లేదు. తలా ఒక వంటకం తెచ్చుకుని తినే పాట్‌లక్కుల్లో నా కథలు విన్నవాళ్లు ఈపాటికే నవ్వుతుంటారు. నేపర్‌విల్‌లో మంచు పడి తలుపు తెరుచుకోకపోతే మేడమీది కిటికీలోంచి జారి ఆఫీసుకి వెళ్లానని చెప్పింది నేనే. చికాగో రైల్లో కునుకు తీసి పక్క రాష్ట్రంలో మెలకువ తెచ్చుకున్నానని చెప్పిందీ నేనే. అవి వేరు. ఇది వేరు.

కొన్నేళ్ల కిందటి వేసవి. నా పుట్టినరోజుకి ఆఫీసులో మా టీమ్ వాళ్లు పెద్ద అట్టపెట్టె ఒకటి ఇచ్చారు. ఇంట్లోనే బీరు చేసుకునే కిట్. తెల్లటి ప్లాస్టిక్ బకెట్, బిగువైన మూత, మూతకి ఒక చిల్లు, లోపలి గాలి బయటికి పోవడానికి ఆ చిల్లులో పెట్టే వంకర గొట్టం, డబ్బాలో నల్లటి మాల్టు పాకం, పొట్లంలో ఈస్టు. పెట్టె మీద ఒక గడ్డపాయన గ్లాసు పట్టుకుని, అప్పులన్నీ తీరిపోయినవాడిలా నవ్వుతున్నాడు. తాగుడంటే నాకు పెద్ద మోజు లేదు. ఆఫీసు పార్టీలో ఒక్క గ్లాసు పట్టుకుని రెండు గంటలు తిరగగలను. నాది చేసి చూడాలన్న దురద, అంతే.

చిక్కల్లా మా ఆవిడతో. పెళ్లికి ముందు తను నన్ను అడిగింది ఒక్కటే: "మనింట్లోకి సీసా రాకూడదు." వాళ్ల నాన్నగారు రైల్వేలో గార్డు. డ్యూటీ దిగి తిన్నగా ఇంటికి వచ్చిన రోజులు తక్కువ. చిన్నప్పుడు తను ఆదివారం పొద్దున చర్చి గౌను వేసుకుని, రిబ్బన్లు కట్టుకుని, నాన్న వస్తే వెళదామని గేటు పట్టుకుని నిలబడేదట. చర్చిలో మొదటి గంట అయిపోయేది, రెండో గంట అయిపోయేది, తల్లి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయేది. ఇది నాకు ఒకేసారి చెప్పింది, మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. నేను మాటిచ్చాను. పధ్నాలుగేళ్లు నిలబెట్టుకున్నాను. ఆ తర్వాత అట్టపెట్టెని కారు డిక్కీలో పెట్టుకుని మూడు వారాలు తిరిగాను.

తను ఆసుపత్రిలో నర్సు. శనివారం పొద్దున ఏడింటికి వెళితే మళ్లీ రాత్రికే రావడం. ఒక శనివారం తన కారు మలుపు తిరగ్గానే నేను డిక్కీ తెరిచాను. ఆరు నెలలు ఉండి వెళదామని రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు పైగదిలో ఉన్నారన్న సంగతి, పాకం పొయ్యి మీద కుతకుతలాడే దాకా గుర్తుకు రాలేదు.

"ఏంటల్లుడుగారూ, కమ్మగా వస్తోంది? బెల్లం కాస్తున్నారా?" మెట్ల మీంచే అడిగారు.

"బార్లీ, అత్తయ్యగారూ. కిడ్నీలో రాళ్లకి మంచిదట."

మాల్టు అంటే బార్లీయే కదా, మాట వరసకి నిజమే.

"ఎవరికొచ్చాయి రాళ్లు?"

"ఇంకా రాలేదండీ. ముందుజాగ్రత్త."

"బకెట్టెడు ముందుజాగ్రత్తా?"

ఇంకేమీ అడక్కుండా కొంగు దోపుకున్నారు. ఆవిడ పెట్టిన ఆవకాయ రెండేళ్ల తర్వాత తీసినా ముక్క మెత్తబడదు. అలాంటి మనిషి చేతికి నా పని చిక్కింది. కిట్‌తో వచ్చిన పుస్తకంలో మొదటి పేజీ నిండా శుభ్రత గురించే ఉంది. ఆవిడ ఆ పేజీ చదవకుండానే దాన్ని దాటి పోయారు. "గోళ్లు చూపించండి," అన్నారు. నలభై ఐదేళ్ల సాఫ్ట్‌వేర్ మేనేజర్ని, పదిమందికి రివ్యూలు రాసేవాణ్ని, రెండు చేతులూ చాచి గోళ్లు చూపించాను. ఒక గోరు ఫెయిలయింది. ఈస్టు వేసే ముందు పాకం ఎంత చల్లారాలో పుస్తకంలో డిగ్రీల్లో రాశాడు. ఆవిడ బకెట్ పక్కకి మునివేళ్లు ఆనించి, "చంటిబిడ్డకి నీళ్లు పోసేటంత. ఇప్పుడు వెయ్యండి," అన్నారు. థర్మామీటరు పెట్టి చూశాను. ఒక్క డిగ్రీ తేడా లేదు. ఉన్నా, తప్పు థర్మామీటరుదేనని నమ్మేవాణ్ని.

బకెట్‌ని బేస్‌మెంట్‌లో బియ్యం సంచుల వెనక దాచాం. "దాచాం" అన్నాను చూశారా. అప్పుడు నాకు అది తట్టలేదు.

మర్నాటికి గొట్టం మాట్లాడడం మొదలుపెట్టింది. గుడుక్. కాసేపు ఆగి, గుడుక్. నా ఆఫీసు బల్ల అక్కడే కాబట్టి సోమవారమంతా ఫోన్ మ్యూట్‌లో పెట్టి అదే విన్నాను. మా అత్తగారు మోకాళ్లు పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వచ్చి, స్టూలు లాక్కుని, ఒడిలో చింతపండు పెట్టుకుని గింజలు తీస్తూ కూర్చునేవారు. ఇటు నేను, అటు ఆవిడ, మధ్యలో బకెట్. పెద్దగా మాట్లాడుకున్నదీ లేదు. "ఇందాకటికంటే జోరందుకుంది," అని ఒకసారి ఆవిడ, "అవునండీ," అని నేను. పధ్నాలుగేళ్లలో ఆవిడతో అంతసేపు కూర్చున్న రోజు అంతకు ముందు లేదు.

మంగళవారం సాయంత్రం కుటుంబ ప్రార్థన. ఇళ్లవారీగా తిరుగుతుంది, ఆ వారం మా వంతు. పాస్టర్‌గారు, పాతికమంది జనం, మా ఆవిడ చేసిన పులిహోర. కింద ఉన్నది బయటపడితే తన పరువు తన చర్చి వాళ్లందరి ముందూ పోతుంది. అంతకుమించి, నా మాట పోతుంది. అందుకని వాళ్లు వచ్చేలోపు ఒక్కసారి కిందికి వెళ్లి చూసి రావాలనుకున్నాను. ఈలోపే అక్కడ జరగాల్సింది జరిగిపోయింది. గొట్టంలోంచి గాలి పోతుంటే మా అత్తగారికి ప్రాణం ఉసూరుమందట. జాడీలోకి గాలి తగిలితే ఊరగాయ ఉంటుందా? గొట్టం పీకేసి, చిల్లులో గుడ్డ కుక్కి, పాత నేత చీర చించి నాలుగు మడతలు వేసి, మూత మీద పరిచి, తాడుతో బిగించి, ఊరగాయ జాడీకి కట్టినట్టే వాసెన కట్టేశారు. చాలదన్నట్టు పైన సోనామసూరి సంచి ఒకటి పెట్టారు.

పైన అందరం మోకాళ్ల మీద ఉన్నాం. పాస్టర్‌గారి ప్రార్థన క్రీస్తు రెండో రాకడ దాకా వచ్చింది. "ప్రభువా, నీవు ఏ ఘడియలో వస్తావో..." అన్నారో లేదో, కింద ఢామ్మంది. ఇల్లు అదిరింది. ఒక్క క్షణం ఎవరూ కళ్లు తెరవలేదు. జనంలోంచి ఒక పెద్దావిడ గొంతు: "ప్రభువా, ఇవాళేనా? పొయ్యి ఆర్పానో లేదో!"

అందరికంటే ముందు మెట్లు దిగింది మా ఆవిడ. వెనక నేను. గోడల నిండా నురగ, నురగ నిండా బియ్యం. బకెట్ మూత లేచి సీలింగ్‌కి అతుక్కుపోయి ఉంది. నాలుగు రోజుల తర్వాత దానంతటదే దిగింది. తను గాలి పీల్చింది. నా వైపు తిరిగింది.

"ఏంటండీ ఇది?"

నోరు తెరిచాను. మంచులో కిటికీలోంచి జారిన నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. తన మొహంలో గేటు దగ్గరి పిల్ల కనపడింది.

"నా బార్లీనమ్మా." వెనకనుంచి మా అత్తగారు. "మోకాళ్లకని నేనే కాయించాను. నిలవుంటుందని వాసెన కట్టాను. పాడైపోయింది."

"అమ్మా! నీకెవరు చెప్పారే ఇవన్నీ?"

"మనూళ్లో ఎవర్నడిగినా చెబుతారు. కబుర్లాపి చీపురు పట్రా."

మెట్ల మీంచి తొంగి చూసిన పాస్టర్‌గారు, "బార్లీ ఒంటికి చలవ," అన్నారు. పొయ్యి పెద్దావిడ, ఈసారి చేసినప్పుడు తనకో సీసా ఉంచమంది.

అప్పట్నుంచి ఈ కథ ఎన్ని పాట్‌లక్కుల్లో చెప్పానో లెక్క లేదు. బార్లీనీళ్లకి వాసెన కట్టిన అత్తగారి కథ. చెప్పిన ప్రతిసారీ జనం నవ్వుతారు, మా ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వుతుంది. వీడియో కాల్‌లో మా అత్తగారు, "చెప్పుకోండి, చెప్పుకోండి," అంటారు. ఈ వేసవికీ రావడం లేదు. వీసా ఉంది, మోకాళ్లే లేవు. స్టూలు మాత్రం అక్కడే ఉంది. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు ఆగినప్పుడల్లా నాకు గుడుక్‌మని వినిపిస్తుంది.

ఇక ఒట్టు సంగతి. గ్రీన్‌కార్డుతో ఆటలాడే ధైర్యం నాకు లేదు.

మూత సీలింగ్‌కి అతుక్కున్నది నిజం. పొయ్యి పెద్దావిడా నిజమే. నేను కల్పించింది వాసెన ఎవరు కట్టారన్నది.

ఆ మంగళవారం మధ్యాహ్నం హాల్లో నిలబడితే గుడుక్ గుడుక్‌మని గాలి వచ్చే నేల జాలీలోంచి వినపడింది. ప్రార్థనకి వచ్చేవాళ్లకీ వినపడుతుంది. ఏదైనా గుడ్డ ఇవ్వండి, కట్టేస్తానని అత్తగారితో అన్నాను. ఆవిడ చీర చించి ఇచ్చారు, ఇస్తూ, "కట్టకండి బాబూ. దానికి ఊపిరాడాలి," అన్నారు.

"బార్లీ సంగతి మీకు తెలీదండీ."

"ముప్పై ఏళ్లు మీ మావయ్యగారితో కాపురం చేశాను. ఆ వాసన నాకు చెబుతారా?"

నా చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. మరి మొన్నటినుంచీ పక్కనే ఎందుకు కూర్చున్నారని అడిగాను.

"ఆయన దానికోసం ఇల్లు వదిలి పోయేవారు. మీరేమో దానికోసం ఇంట్లో కూర్చున్నారు. అదెలా ఉంటుందో చూద్దామని నేనూ కూర్చున్నా."

అయినా నేను వినలేదు, కట్టేశాను. ఆ రాత్రి జనం వెళ్లాక, మా ఆవిడ పైన గిన్నెలు సర్దుతుంటే, బకెట్ అడుగున మిగిలినదాంట్లో అత్తగారు వేలు ముంచి నాలిక్కి రాసుకున్నారు. సగమే పులిసింది. "చేదు," అన్నారు. "దీనికోసమా." మిగిలింది సింకులో పోసేశాం.

నా కథలన్నీ మొదట చదివేది మా ఆవిడే. ఇదీ చదువుతుంది. మాట తప్పింది నేను. అది బయటపడకుండా పాతికమంది ముందు నవ్వులపాలైంది వాళ్లమ్మ, ఇన్నేళ్లూ. చీర ముక్క ఆవిడది. ముడి నాది.