చల్లబడితే పనిచేసే పెట్టె

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నందిగామలో టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేసే క్రాంతికుమార్ మాత్రం కీడు దగ్గరే ఆగిపోయే రకం. ఎవరింటికి వెళ్ళినా ముందు ఫ్రిజ్ మీద చెయ్యి పెట్టి వేడి చూస్తాడు, తర్వాతే మంచినీళ్ళు పుచ్చుకుంటాడు. తన పెళ్ళిలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే లేచి వెళ్ళి ఆంప్లిఫయర్ మీద అరచెయ్యి వేసొచ్చాడని చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు.

అలాంటివాడికి నిజంగానే భయపడాల్సిన పని పడింది. జగ్గయ్యపేట శివార్లలో అతని పిన్ని సౌభాగ్యమ్మకి కోళ్ళ షెడ్డుంది. వేడి పెరగ్గానే ఫ్యాన్లూ, నీటి తుంపర చల్లే ఫాగర్లూ వాటంతటవే నడిచేలా మైక్రోకంట్రోలర్ చిప్పుతో ఓ పెట్టె చేసి అతనే బిగించాడు. చలికాలమంతా బుద్ధిగా ఉంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తె రాగానే, సరిగ్గా ఎండ మాడ్చే వేళకి ఆగిపోవడం మొదలుపెట్టింది. ఫ్యాన్లు ఆగితే కోళ్ళు నోళ్ళు తెరిచి రొప్పుతాయి. ఎవరూ చూడకపోతే కాసేపటికి గుట్టలుగా పడిపోతాయి.

సౌభాగ్యమ్మ షెడ్డు వదలడం లేదు. పెట్టె ఆగినప్పుడల్లా స్విచ్చి నొక్కి అన్నీ డైరెక్టుగా వేస్తోంది. అలాగే వదిలేద్దామంటే ఫాగర్లు ఆగకుండా కురిసి కింద పరిచిన ఊకంతా కుళ్ళిపోతుంది. అటు విజయవాడలో కూతురు సూసన్‌కి నెలలు నిండాయి.

"నా బిడ్డ దగ్గరకి నేను వెళ్ళాలా వద్దా? ఒక్క మాట చెప్పరా క్రాంతీ."

"పెట్టె విప్పి తీసుకెళ్తా పిన్నీ. చూసి చెప్తా."

షాపులో మూత తీసి పెడితే, డాక్టర్ని చూడగానే జ్వరం తగ్గిన రోగిలా చక్కగా పనిచేసింది. అయినా చిప్పు మార్చాడు, సోల్డరింగ్ మళ్ళీ చేశాడు. తీసుకెళ్ళి బిగిస్తే మర్నాడు మధ్యాహ్నానికి మళ్ళీ ఆగింది. పిన్ని మళ్ళీ స్విచ్చి పక్కన పీట వేసుకుని కూర్చుంది.

ఇక బ్యూటీ పార్లర్ కృపావతిని బతిమాలి జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ తీసుకుని జగ్గయ్యపేట బస్సెక్కాడు. షెడ్డులో ఫ్యాన్లు డైరెక్టుగా వేయించి, పెట్టె మూత తీసి, బోర్డు మీద ఒక్కో భాగానికీ వేడిగాలి కొట్టాడు. చిప్పుకి ఏమీ కాలేదు. దానికి కరెంటు తగ్గించి ఇచ్చే రెగ్యులేటర్ దగ్గరకి రాగానే, పెట్టె నడుస్తోందని చూపే చిన్న బల్బు ఆరింది. దాని మీద స్పిరిట్‌లో ముంచిన దూది పెడితే మళ్ళీ వెలిగింది. మళ్ళీ వేడి, మళ్ళీ ఆరింది. కాగిపోయినప్పుడల్లా రెగ్యులేటర్ తనంతట తానే ఆగిపోతోంది.

మరి అంతలా ఎందుకు కాగుతోంది? అప్పుడు పెట్టె లోపలికి వంగి చూశాడు. గాలి ఆడే రంధ్రాలన్నిటికీ కన్నాలు పూడ్చే ఎంసీల్ ముద్ద. దాని మీద తన బొటనవేలి ముద్ర! జగ్గయ్యపేటలో పుట్టి పెరిగినవాడికి దుమ్మంటే హడలు. ఆ ఊళ్ళో మంచాల దగ్గర్నుంచి మామిడిపళ్ళ దాకా అన్నిటి మీదా ఫ్యాక్టరీల సిమెంటు పొడి వాలుతుంది. కన్నం కనిపిస్తే మూసెయ్యడం చేతులకి చిన్నప్పుడే వచ్చేసింది. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు.

"నేనే పిన్నీ. రంధ్రాలు నేనే మూసేసా."

"మీ అమ్మా అంతేలేరా. దుమ్మని కిటికీ సందులకి కాగితాలంటించి, ఉక్కపోతని దేవుణ్ణి తిట్టేది."

రంధ్రాలు పొడిచి సన్న జాలీ అంటించాడు. రెగ్యులేటర్‌కి వేడి లాగే అల్యూమినియం పట్టీ బిగించి, పెట్టెని కాలే రేకు కప్పు కింద నుంచి తీసి నీడ పడే గోడకి మార్చాడు. మూత పెట్టేలోపే సూసన్‌ని ఆస్పత్రిలో చేర్చారని ఫోనొచ్చింది.

"వెళ్ళు పిన్నీ. నేనిక్కడే ఉంటా."

"నువ్వే ఉంటే ఇంక పెట్టెందుకురా?" అంటూనే సంచీ తీసుకుని బస్సుకి పరిగెత్తింది.

మర్నాడు ఎండ ముదిరింది. క్రాంతి స్విచ్చి పక్కనే కూర్చున్నాడు, నొక్కలేదు. ఉన్నట్టుండి ఫాగర్లు ఆగేసరికి చెయ్యి స్విచ్చి మీదకి వెళ్ళింది. ఊక తడవకుండా మధ్యమధ్య ఆగేలా ప్రోగ్రాం రాసింది తనేనని గుర్తొచ్చేలోపు అవి మళ్ళీ కురిశాయి. అప్పుడే ఫోను మోగింది.

"ముందు ఫ్యాన్ల చప్పుడు వినిపించరా," అంది పిన్ని.

ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. ఆమె చాలాసేపు వింది.

"సరే, ఇప్పుడు నువ్విది విను."

అవతల పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. అతనికీ ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ, అలవాటుగా పెట్టె మీద అరచెయ్యి వేశాడు. గోరువెచ్చగా ఉంది.