బ్రేకు సారు ఎదురెళ్ళిన రోజు

బ్రేకు సారుకు ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గాని, ఎందుకు పెట్టారో ఊళ్ళో డ్రైవింగ్ లైసెన్సు ఉన్న ప్రతివాళ్ళకూ తెలుసు. ఉద్యోగమంతా ఆయన పక్క సీట్లో కూర్చుని, వణికే చేతులతో స్టీరింగు పట్టుకున్న వాళ్ళను పరీక్షించాడు. గుండె జారిపోయేలా "బ్రేకు!" అని అరవడం ఆ పరీక్షలో భాగం. బాగా నడిపిన వాళ్ళతో కూడా "బాగా నడిపారు" అని ఆయన ఏనాడూ అనలేదు. "ఈసారికి ఫర్వాలేదు" అనేవాడు. తప్పిన వాళ్ళతో "మళ్ళీ రండి" అనేవాడు. కట్టుకున్న భార్యతో కూడా అదే మాట అన్నాడు. ఆవిడ మళ్ళీ రాలేదు. పక్క ఊరు వెళ్ళి, అక్కడ పాసై, కారు తనే నడుపుకుంటూ ఇంటికొచ్చింది. అప్పటినుంచి ఆ ఇంట్లో కారు ఆవిడే నడుపుతుంది. ఆయన పక్కన కూర్చుంటాడు. అది ఆయనకు అలవాటైన సీటే.

రిటైరయ్యాక ఇబ్బంది మొదలైంది. ఆవిడకు ముందుగదిలో బట్టలు సరిచేసే కొట్టు ఉంది. పొడుగైనవి కురచ చెయ్యడం, బిగుతైనవి వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం. ఆయన కుర్చీ తెచ్చి మిషను పక్కన వేసుకుని కూర్చున్నాడు. ఒకరోజు ఒకావిడ కొత్త కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుంటూంటే, "ఎడమ భుజం కిందికి దిగింది" అన్నాడు.

"కోటు కాదండీ, నా భుజమే అలా ఉంటుంది" అంది ఆవిడ.

"అయినా సరే" అన్నాడు బ్రేకు సారు.

ఆవిడ కోటు విప్పి బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. భార్య మిషను ఆపింది. కారు తాళాలు తీసింది. "ఎక్కండి" అంది. నేరుగా యాత్రికుల స్వాగత కార్యాలయం ముందు ఆపింది.

"ఇక్కడ సాయానికి మనుషులు కావాలట. జీతం ఉండదు. సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను."

"నన్నడగలేదే?"

"ఇప్పుడడుగుతున్నాను. దిగుతారా?"

దిగాడు.

ఆ కార్యాలయం ఒకప్పుడు సైకిళ్ళ దుకాణం. వీధివైపు నిలువెత్తు అద్దాలు, లోపల చల్లటి సిమెంటు నేల. ఊరు చివరున్న క్షేత్రానికి వారాల తరబడి కాలినడకన వచ్చేవాళ్ళు ముందు ఇక్కడ ఆగుతారు. సంచులు దించుకుంటారు, వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటారు, యాత్ర పూర్తయినట్టు ఒక పత్రం తీసుకుని క్షేత్రానికి వెళ్తారు. దీన్నంతా చూసుకునే ఇన్‌ఛార్జి మేడమ్ ఒకప్పుడు కాన్పుల నర్సు. కొత్తగా వచ్చేవాళ్ళకు స్వాగతం చెప్పడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. అప్పుడు వచ్చినవాళ్ళూ ఏడుస్తూనే వచ్చారు, ఇప్పుడొచ్చేవాళ్ళూ ఏడుస్తూనే వస్తున్నారు. తేడా అల్లా వీళ్ళకు సంచులుంటాయి.

"పెద్ద పనేం లేదు సార్," అంది మేడమ్. "రండి, కూర్చోండి, బాగా వచ్చారు. ఈ మూడూ అంటే చాలు. తర్వాత ఎక్కణ్ణుంచి నడిచారు, ఎవరితో నడిచారు అని అడిగి పత్రం చేతికివ్వడమే."

"బాగా వచ్చారో లేదో మనకెలా తెలుస్తుంది మేడమ్? మనం చూడలేదు కదా."

మేడమ్ ఆయన్ని ఒకసారి తేరిపార చూసి, ముందు రెండు మాటలే అనమంది.

మొదటివాడు బక్కపలచటి ఉపాధ్యాయుడు. తలుపు దాటగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని, "అయిపోయింది సార్! నడిచేశాను!" అన్నాడు. బ్రేకు సారు పత్రం అందిస్తూ, "ఈసారికి ఫర్వాలేదు" అన్నాడు. ఉపాధ్యాయుడు కూలబడిపోతే మేడమ్ మంచినీళ్ళు పట్టుకొచ్చింది. ఆ తర్వాత ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళ పనంతా సవ్యంగానే జరిగింది. వెళ్తూ వెళ్తూ నమస్కారం పెడితే, మర్యాదకు ఏదో ఒకటి అనాలి కదా అని, "మళ్ళీ రండి" అన్నాడు. వాళ్ళలో నాయనమ్మ మొహం పాలిపోయింది. "మళ్ళీ నడవాలా బాబూ?" అని గోడ పట్టుకుంది.

మధ్యాహ్నానికల్లా ఆయన్ని కాళ్ళ తొట్ల దగ్గరికి మార్చారు.

"ఇక్కడ మాట్లాడే పనుండదు సార్" అంది మేడమ్, చాలా మృదువుగా.

ఆ పని ఆయనకు కుదిరింది. నీళ్ళు కాచడం, మోచెయ్యి ముంచి వేడి చూడడం, తుండు అందించడం. నోరు మూసుకుని కూర్చునే మనిషి ఎదురుగా ఉంటే, జనం వాళ్ళంతట వాళ్ళే మాట్లాడతారు. ఎందుకు బయల్దేరారో, దారిలో ఎవరిని తిట్టుకున్నారో, చనిపోయిన వాళ్ళ సంగతులు, ఇంట్లో వాళ్ళకు చెప్పని సంగతులు. ఆయన వాళ్ళ చెప్పుల అరుగుదల చూస్తూ తలూపేవాడు. అంత ఓపికగా వినే మనిషిని ఎక్కడా చూడలేదని కొందరు మేడమ్‌తో చెప్పి వెళ్ళారు. మేడమ్ వాళ్ళను కాదనలేదు.

అలా ఉండగా ఒక టైల్స్ మేస్త్రి వచ్చాడు. భారీ మనిషి. సంచి దించి తొట్టి ముందు కూర్చున్నాడు గాని కాళ్ళు ముంచలేదు.

"నీళ్ళు చల్లారతాయి" అన్నాడు బ్రేకు సారు.

"మా ఆవిడ రానీండి."

"వెనకాల వస్తోందా?"

"వస్తే వస్తుంది."

మేడమ్ పత్రం ఇవ్వబోతే అదీ వద్దన్నాడు. కిటికీ పక్క బల్ల మీద కూర్చుని వీధిలోకి చూడసాగాడు. సాయంత్రం తాళం వేసేదాకా అలాగే కూర్చున్నాడు. మర్నాడు తలుపు తీసేసరికి గుమ్మంలో ఉన్నాడు. వచ్చి అదే బల్ల మీద కూర్చుని, కాసేపటికి కునుకు తీశాడు.

అప్పుడు తెలిసింది ఆయన గురక సంగతి. అద్దాలు గలగలలాడాయి. పత్రం తీసుకుంటున్న ఒకాయన ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. బ్రేకు సారు పాత అలవాటు కొద్దీ "బ్రేకు!" అని అరిచాడు. మేస్త్రి దిగ్గున లేచి కూర్చున్నాడు. హాలంతా సద్దుమణిగింది.

"క్షమించండి," అన్నాడు మేస్త్రి. "దీంతోనే వచ్చింది గొడవంతా."

బ్రేకు సారు తుండు మడతపెడుతూ కూర్చున్నాడు. మేస్త్రి చెప్పుకొచ్చాడు. దారిలో ఒక మధ్యాహ్నం జోరువాన. నడిచేవాళ్ళంతా ఒక సత్రంలో చేరి, వరసగా పరుపులు వేసుకుని నడుం వాల్చారు. ఈయన గురకకు ఎవరికీ కన్ను మూతపడలేదు. ఎవరో ఒకావిడ లేచి, "ఈ గురక పెట్టే ఆయన ఎవరి తాలూకు?" అని గట్టిగా అడిగింది.

"మా ఆవిడ నా పక్క పరుపు మీదే ఉందండీ. 'ఏమో, నాకు తెలీదు' అంది."

"నిద్రలో ఉంటే మీకెలా తెలిసింది?"

"అప్పటికే మెలకువ వచ్చేసింది."

"గురక ఆగిపోయి ఉండాలే మరి."

మేస్త్రి నేల చూపులు చూశాడు. "ఆపితే, నేను విన్నానని మా ఆవిడకు తెలిసిపోతుంది. సిగ్గుతో చచ్చిపోతుంది. అందుకని ఆపకుండా పెట్టాను. చాలాసేపు పెట్టాను. గొంతు నెప్పెట్టింది."

"తర్వాత?"

"మనసు ఊరుకోలేదండీ. వాన వెలిశాక తను బట్టలు ఉతుక్కోవడానికి వెళ్తే, సంచి తగిలించుకుని వచ్చేశాను. ఇక్కడికే రావాలి కదా ఎప్పటికైనా. వచ్చి నన్ను గుర్తుపడుతుందో లేదో చూద్దామని కూర్చున్నాను."

బ్రేకు సారు మడతపెట్టిన తుండు పక్కన పెట్టాడు. తొట్లో నీళ్ళు మార్చాడు.

ఆ పూట వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ఒక వింత సంగతి మోసుకొచ్చారు. ఊరి మొదట్లో, క్షేత్రం శిఖరం కనిపించే మలుపు దగ్గర, టీ కొట్టు బల్ల మీద ఒకావిడ కూర్చుని ఉందట. నిన్నట్నుంచీ అక్కడే ఉందట. ఇటు వచ్చే ప్రతివాళ్ళనూ ఆపి, మీరు దిగిన చోట ఎవరైనా గురక పెట్టారా అని అడుగుతోందట. మూడో మనిషి కూడా అదే చెప్పేసరికి బ్రేకు సారు చెయ్యి తుడుచుకుని మేడమ్ దగ్గరికి వెళ్ళాడు.

"మీరే వెళ్ళి తీసుకురండి" అంది మేడమ్.

"నేనా? అక్కడ మాట్లాడాలి కదా."

"మాట్లాడాల్సిందే."

"ఆయన్నే పంపితే?"

"ఆయన కదలడు సార్. నిన్నట్నుంచి చూస్తున్నాంగా."

బ్రేకు సారు బయల్దేరాడు. ఊళ్ళో రోడ్లన్నీ ఆయనకు కొట్టిన పిండే, అయితే అన్నీ కారు అద్దంలోంచే. నడుస్తూంటే ప్రతి వీధీ సాగి సాగి కనిపించింది. టీ కొట్టు చేరేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. బల్ల మీద సన్నటి మనిషి, మోకాళ్ళ మధ్య సంచి. ఆయన్ని చూడగానే ఆవిడే అడిగింది.

"అటునుంచి వస్తున్నారా అండీ? అక్కడ ఎవరైనా గురక పెట్టే ఆయన..."

"ఉన్నాడు."

"ఎలా పెడతాడు?"

"గేరు పడని లారీలాగా."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బావురుమంది. "ఆయనే" అంది.

టీ కొట్టాయన రెండు గ్లాసులు పెట్టి పక్కకు తప్పుకున్నాడు. ఆవిడ ఏడుపు దిగమింగుకుంది గాని లేవలేదు.

"ఇంకెంతో దూరం లేదు" అన్నాడు బ్రేకు సారు.

"తెలుసు. శిఖరం కనబడుతూనే ఉంది. వెళ్ళి ఏమని మొహం చూపించను? అడిగినావిడ మంచి కోటు వేసుకుని దొరసానిలా ఉంది. ఆవిడ ముందు చిన్నబోతానని నోటికొచ్చింది అనేశాను. ఆయన నిద్రపోతున్నాడు కదా అనుకున్నాను. బట్టలుతికి వచ్చేసరికి పరుపు ఖాళీ. తప్పా కాదా మీరే చెప్పండి."

తప్పా కాదా అని బ్రేకు సారును అడిగిన మనిషికి ఇంతవరకూ వెంటనే జవాబు దొరక్కుండా పోలేదు. ఆయన నోరు తెరిచాడు. ఆవిడ తీర్పుకు సిద్ధంగా, తల వంచుకుని కూర్చుంది. ఎన్ని వేలమంది తన పక్కన, స్టీరింగు ముందు అచ్చం అలాగే తల వంచుకుని కూర్చున్నారో ఆయనకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. తెరిచిన నోటిని టీతో నింపుకున్నాడు. టీ కాలింది.

"ఆయన మెలకువగానే ఉన్నాడటమ్మా," అన్నాడు మింగాక. "గురక ఆపితే మీరు సిగ్గుపడతారని, కావాలని పెడుతూనే ఉన్నాడట. గొంతు నెప్పెట్టిందట."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత లేచి నిలబడింది.

"అదంతా దొంగ గురకా?" అంది. "నేను మరీ పెద్దగా పెడుతున్నాడని మనసులో తిట్టుకున్నానండీ!"

"సంచి ఇలా ఇవ్వండి" అన్నాడు బ్రేకు సారు.

తిరుగు దారిలో ఆవిడ రోడ్డు మధ్యన నడిచింది. అంచుకు రమ్మని చెప్పాలని ఆయన నాలుక మీదికి చాలాసార్లు వచ్చింది. చెప్పలేదు. తనే మధ్యలోకి జరిగి, వచ్చే సైకిళ్ళకు చెయ్యి అడ్డం పెట్టాడు.

వాళ్ళు లోపలికి అడుగు పెట్టేసరికి హాలు నిండుగా ఉంది. మేస్త్రి మళ్ళీ నిద్రపోయాడు. బల్ల మీద వెల్లకిలా పడి, అద్దాలు గలగలలాడిస్తున్నాడు. జనం చెవులు మూసుకుని నవ్వుకుంటున్నారు. ఆవిడ నేరుగా వెళ్ళి మేడమ్ ముందు నిలబడింది.

"రండి, కూర్చోండి, బాగా వచ్చారు," అంది మేడమ్. "ఎవరితో నడిచారమ్మా?"

ఆవిడ వెనక్కి తిరిగి, హాలు చివరిదాకా వినిపించేలా చెప్పింది. "అదిగో, ఆ గురక పెట్టే ఆయనతో. ఆయన మా ఆయన."

గురక ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్ళీ మొదలైంది, ఇంకాస్త గట్టిగా.

అది ఎవరు గమనించారో, ఎవరు గమనించలేదో గాని, బ్రేకు సారు గమనించాడు. ఆవిడా గమనించింది. బల్ల దగ్గరికి వెళ్ళి, మొగుడి భుజం మీద ఒక్కటిచ్చింది. "లేవండి, గొంతు పోతుంది" అంది. మేస్త్రి కళ్ళు తెరిచి, అప్పుడే ఎక్కణ్ణుంచో ఊడిపడ్డట్టు, "వచ్చావా?" అన్నాడు. బ్రేకు సారు రెండు తొట్లు పక్కపక్కన పెట్టి నీళ్ళు పోశాడు. ఇద్దరూ కాళ్ళు ముంచి, ఒకరినొకరు చూసుకోకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నారు. నీళ్ళు చల్లారేదాకా లేవలేదు. వెళ్ళేటప్పుడు ఆవిడ సంచి ఆయన మోశాడు. ఆవిడ ఆయన సంచి మోసింది. అలా ఎందుకు మార్చుకున్నారో ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం కార్లో బ్రేకు సారు ఈ కథంతా భార్యకు చెప్పాడు. చెప్పి, "నన్నెవరైనా ఎవరి తాలూకని అడిగితే నువ్వేమంటావు?" అన్నాడు.

"నన్నెవరడుగుతారు? ఊరందరికీ తెలిసిపోయిందిగా" అంది ఆవిడ, గేరు మారుస్తూ.

"తెలియకపోతే?"

ఆవిడ వేగం తగ్గించింది. ఎదురుగా ఎర్ర లైటు పడింది. కారు ఆపింది.

"ముందు ఏం చేశారో కనుక్కుంటాను," అంది. "తర్వాత మావారే అంటాను."

బ్రేకు సారుకు ఆ జవాబు న్యాయంగానే తోచింది.

మర్నాటి నుంచి ఆయన పని మారింది. మారమని మేడమ్ చెప్పలేదు, ఆయనా అడగలేదు. మధ్యాహ్నం తొట్లు కడిగేసి ఆ మలుపు దాకా నడిచి వెళ్ళేవాడు. అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునే ఉంటారని తేలింది. ఇన్ని వారాలు నడిచి, శిఖరం కళ్ళపడగానే కాళ్ళు ముందుకు సాగనివాళ్ళు. ఇంటికి వెళ్ళి ఏం చెయ్యాలో తెలియనివాళ్ళు, మొక్కుకున్న పని ఈలోగా జరగకుండానే పోయినవాళ్ళు. ఊరికే చెప్పుల తాళ్ళు విప్పుతూ కట్టుకుంటూ ఉండేవాళ్ళూ ఉంటారు. ఆయన వెళ్ళి పక్కన కూర్చునేవాడు. ఏమీ అనేవాడు కాదు. వాళ్ళు లేచినప్పుడు తనూ లేచి, సంచి అందుకుని, పక్కన నడిచేవాడు.

కొన్నాళ్ళకు టీ కొట్టాయన మేడమ్ దగ్గరికి ఫిర్యాదు తెచ్చాడు. ఇంతకుముందు వచ్చినవాళ్ళు బల్ల మీద పూటంతా కూర్చుని గ్లాసు మీద గ్లాసు తాగేవారని, ఈ సారు వచ్చినప్పట్నుంచీ గ్లాసు సగంలో వదిలి లేచిపోతున్నారని, తన వ్యాపారం ఏం కావాలని అడిగాడు. మేడమ్ బ్రేకు సారును పిలిచి సంగతి చెప్పింది. ఆయన ఆలోచించి, అందులో న్యాయం ఉందని ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఎవరైనా లేవబోతే, ముందు గ్లాసు పూర్తి చెయ్యమంటున్నాడు.