అడగాలి, చెప్పకూడదు

సక్కుబాయికి మూడు రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు. కుర్చీలో కూర్చుంటుంది, లేస్తుంది, దాహం లేకపోయినా నీళ్లు తాగుతుంది, మళ్లీ అల్మారాల మధ్య తిరుగుతుంది. నార్సింగి దాటాక ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న మనిషికి ఎన్నడూ లేని తిప్పలు వచ్చిపడ్డాయి. తెలిసి కూడా నోరు మూసుకుని ఉండాల్సి వచ్చింది.

అంతా ఆ మెంటరింగ్ చలవే. కొత్తగా చేరిన లైబ్రేరియన్లకు పాతవాళ్లు ఆరు నెలలు దారి చూపాలట. కాకినాడ నుంచి వచ్చిన రసజ్ఞను ఆమెకు అప్పగించారు. గచ్చిబౌలిలో ఒకపూట శిక్షణ ఇచ్చి, మెంటర్ ప్రశ్నలే అడగాలి, జవాబులు చెప్పకూడదని మరీ మరీ చెప్పి పంపారు. చెప్పకుండా నేర్పడమేమిటో ఆ మహానుభావులకే తెలియాలి. సక్కుబాయి మాత్రం పెట్టిన రూలు తప్పే మనిషి కాదు.

ఈసారి తనిఖీలో ముప్పై నాలుగు పుస్తకాలు కనబడలేదు. రసజ్ఞ స్కానర్ పట్టుకుని రెండుసార్లు వెతికింది. పోయినవాటి జాబితా శుక్రవారం సాయంత్రానికి ప్రిన్సిపాల్‌కు చేరాలి. చేరితే తలుపు దగ్గర సంచులు చూసే ఎల్లయ్య ఉద్యోగం ఊడుతుంది. కాంట్రాక్టు మనిషి, అతని తరఫున అడిగేవాళ్లెవరు?

అవి ఎక్కడికీ పోలేదని సక్కుబాయికి తెలుసు. పరీక్షలు దగ్గరపడితే పిల్లలు తమకు కావలసిన పుస్తకాన్ని ఇంకొకరికి దొరక్కుండా, ఎవరూ ముట్టని అరలో వెనక్కి తోసేస్తారు. ఏటా ఉండేదే. చెబుదామని నోటిదాకా వచ్చేది, మింగేసేది. ఎల్లయ్య ఎదురైతే ఎక్కడ నోరు జారుతుందోనని తల తిప్పుకుని పోయేది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక ఇక ఆగలేకపోయింది.

"బిడ్డా, నువ్వు చదువుకునేటప్పుడు ఒక్కటే కాపీ ఉన్న పుస్తకం దొరికితే ఏం చేస్తుంటివి?"

రసజ్ఞ ముఖం పాలిపోయింది. "దాచేసేదాన్నండి."

పరుగున వెళ్లి పాత వార్షిక నివేదికల వెనక నుంచి ఒక్కొక్కటే లాగింది. ముప్పై నాలుగూ ఉన్నాయి. ఆ పిల్ల మాత్రం సంతోషించలేదు.

"జాబితా పొద్దున్నే పంపేశాను మేడమ్. మీరు భోజనానికి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్ గారు ఎల్లయ్య గారిని ఇక రావద్దని పంపేశారు. మీకు ముందే తెలుసాండీ?"

సక్కుబాయికి తల కొట్టేసినట్టయింది. ఎల్లయ్యకు ఫోన్ చేసింది.

"ఎల్లయ్యా, ఏడున్నవ్?"

"లింగంపల్లి టేషన్ల మేడం."

"పుస్తకాలు దొరికినయ్. జర వాపస్ రా. నేను ప్రిన్సిపాల్ సార్ కాడికే పోతున్న."

అవతల రైలు చప్పుడు మధ్యనే అడిగాడు.

"మూడు దినాల సంది మీరు నా మొకం గూడ చూడలే మేడం. నేనే ఎత్తుకపోయిన్నని మీరు గూడ అనుకున్నరా?"