ఏలియా పెద్దబాపు నేర్పించిన మాట

మొన్న జపాన్ నుంచి సెలవు మీద వచ్చి, కరీంనగర్ బస్టాండులో ఆదిలాబాద్ బస్సు కోసం కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన చిన్న సీసా తెరిచి ఆకుపచ్చ తైలం కణతలకు రాసుకున్నాడు. గల్ఫ్ నుంచి వచ్చే ప్రతి పెట్టెలోనూ ఉండే తైలం అది. ఆ ఘాటు తగలగానే నా మెడ దానంతటదే బిగుసుకుంది. ఏలియా పెద్దబాపు వాసన అది.

ఆయన మాకు చుట్టం కాదు. ఆదిలాబాద్‌లో పక్కింటివాడు, మా చర్చివాడు, గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాడు. జపాన్‌లో ముసలివాళ్ళను చూసుకునే పనికి ఎంపికైన కొత్తలో నేను అరుగు మీద కూర్చుని, ఫోన్‌లో వింటూ అక్కడి మాటలు వల్లె వేసేదాన్ని. తెలుగే తడబడే నోరు నాది. నాకు వీసా వచ్చింది గాని, నా నాలుకకు ఇంకా రాలేదు.

“ఏమేం నేర్చినవ్ బిడ్డా?” అని ఒక సాయంత్రం అడిగాడు.

“దండం పెట్టుడు, థాంక్స్ చెప్పుడు, స్టేషన్ ఎక్కడున్నదని అడుగుడు.”

“అన్నీ సుట్టాలింటికి పోయే మాటలే. సమజ్ గాకపోతె ఏమంటవ్?”

“గది ఇంకా రాలే పెద్దబాపూ.”

ఆయన నవ్వలేదు. ఎడమచేయి నా ముందుకు చాపాడు. రెండు వేళ్ళు సగానికే ఉన్నాయి. “రెండేండ్ల వీసా మీద పోయిన, రెండు వేళ్ళు ఇచ్చి వచ్చిన. మిషన్ కాడ మేస్త్రి అరబీల ఏందో అన్నడు. పెద్దోళ్ళు మాట్లాడుతుంటె తలూపుడు మనకు మర్యాద గద, ఊపిన. నాకు సమజైందనుకొని మిషన్ నడిపిచ్చిండు, నా చెయ్యి ఇంకా లోపల్నే ఉన్నది.”

ఆ రోజు నుంచి ‘నాకు అర్థం కాలేదు’ అనే ఒక్క మాటకే పాఠం. జపాన్ భాషలో వకరిమసెన్. ఆయన ఆ తైలం కణతలకు రాసుకుని, మంచం మీద కూర్చుని అరబీలో గడగడా మాట్లాడేవాడు. నేను తల ఊపకుండా ఆ మాట అనాలి. నోరు తెరిచేలోపే తల ఊగేది. “మళ్ళ ఊపినవ్! పోయినయ్ నీ వేళ్ళు!” అని అరిచేవాడు. మా అవ్వ వంటింట్లోంచి, “అర్థం గాలేదని చెప్పుడు దానికి నేర్పాల్నా అన్నా? ఇస్కూల్ల రోజూ చెప్పింది గద!” అనేది. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం ఆ సగం వేళ్ళే కదిలేవి.

జపాన్ చేరిన మొదటి వారం. మా పెద్ద నర్సమ్మ ఒక ముసలమ్మను చూపిస్తూ త్వరత్వరగా ఏదో చెప్పింది. నాతోపాటు కొత్తగా చేరినవాళ్ళంతా తలలూపారు. ముసలమ్మ దాహమని సైగ చేస్తోంది, నీళ్ళ గ్లాసు నా చేతిలోనే ఉంది. నా తల కూడా కిందికి దిగబోయింది. ఏమీ రాదని తెలిస్తే ఇంటికి తిప్పి పంపుతారేమోనని ఒక భయం. ఆ తెలియని మాటల్లో ఏముందోనని ఇంకో భయం.

“వకరిమసెన్” అన్నాను. గొంతు మేకపిల్లలా పలికింది.

నర్సమ్మ గ్లాసు తీసుకుంది. తన గొంతు పట్టుకుని ఉక్కిరిబిక్కిరై దగ్గి చూపింది. నీళ్ళలో ఒక పొడి వేసి, చిక్కటి జావలా అయ్యేదాకా కలిపింది. ఆ ముసలమ్మ పల్చటి నీళ్ళు మింగలేని మనిషి. తాగితే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఆ సాయంత్రం ఫోన్ చేసి చెప్పాను. పెద్దబాపు ముందుగా ఒక్కటే అడిగాడు.

“ముసలవ్వ మంచిగున్నదా?”

“మంచిగనే ఉన్నది. నా చేతులే ఇంకా వణుకుతున్నయ్.”

“వణకనియ్ బిడ్డా. నా చెయ్యి ఆనాడు వణకలే.”

పెద్దబాపు ఇప్పుడు లేడు. నాకు జపాన్ భాష బాగానే వచ్చింది. జోకులు కూడా వేస్తున్నాను, వాళ్ళు మర్యాదకు నవ్వుతున్నారు. అయినా ఎవరికి గ్లాసు అందించబోయినా నా చేయి కొంచెం వణుకుతుంది. ఆపాలని ఎప్పుడూ అనిపించలేదు.