మంచులో వచ్చిన వరుడు

వాక్కుకు అధిష్ఠాత్రి అయిన తల్లికి, సకల కల్యాణాలకూ సాక్షి అయిన అగ్నిదేవునికి అంజలి ఘటించి, నా పౌరోహిత్య జీవితంలోని ఒక ఉదంతాన్ని పాఠకులకు మనవి చేస్తున్నాను. శ్రీ విజయ నామ సంవత్సరం, ఉత్తరాయణం, శిశిర ఋతువు, మాఘ శుద్ధ నవమి, స్థిరవారం. లోకవ్యవహారంలో 2014 ఫిబ్రవరి 8, శనివారం. ఆనాడు జెర్సీ సిటీలోని మా చిన్న దేవాలయంలో ఒక పెళ్ళి జరిగింది. వధువు ఉంది. పురోహితుణ్ణి నేనున్నాను. వరుడు మాత్రం లేడు.

అది సినిమా పెళ్ళి. వారాంతం తప్ప మిగిలిన రోజులు మన్‌హట్టన్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసుకునే జోమోన్ అనే మలయాళీ యువకుడు, మిత్రుల సాయంతో తమ భాషలో ఒక చిత్రం తీస్తున్నాడు. కథను నాకు ఇంగ్లీషులోనే విన్నవించాడు. నాయిక ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. ఆమె ప్రేమించిన ఉణ్ణి కేరళ తీరంలో పడవ మునిగి మరణించాడు. జెర్సీ సిటీలో మంచు కురిసినప్పుడల్లా అతడు ఆమె అపార్ట్‌మెంటుకు వస్తాడు. బట్టలు సముద్రపు నీటితో తడిసి ఉంటాయి. మంచు మీద అడుగుల జాడ ఉండదు. కొంతకాలానికి ఆమె అతణ్ణి గుడిలో పెళ్ళి చేసుకుంటుంది.

"తిరుమేనీ, ఆ పెళ్ళి మీరే చేయించాలి" అన్నాడు. మలయాళీలు పూజారిని అలా గౌరవంగా సంబోధిస్తారు.

"వేషం వేసేవాళ్ళు దొరకలేదా నాయనా?"

"అద్భుతం ఒక్కటే కల్పన తిరుమేనీ. చుట్టూ ఉన్నదంతా నిజం కావాలి. గుడి నిజం, మంచు నిజం, పూజారి నిజం. అప్పుడే తాళి గాలిలోకి లేచినా జనం నమ్ముతారు."

ఈ పద్ధతి మలయాళ చిత్రాలలో ఒక వర్గానికి చిరపరిచితమని తరువాత కొన్ని చూసి గ్రహించాను. మన కావ్యాలలో దేవత ప్రత్యక్షమైతే దుందుభులు మోగుతాయి, పూలవాన కురుస్తుంది. వారి కథలలో స్వర్గస్థుడైన మహనీయుడు వంటింటి గడపలో నిలబడితే, ఇల్లాలు చేపలు తోముతూనే "కాళ్ళు కడుక్కుని రండి" అంటుంది. ఆశ్చర్యపడే పని ప్రేక్షకుడిది. పాత్రలకు అంత తీరిక ఉండదు. భక్తి, ప్రణయం, నిత్యకృత్యం ఒకే గిన్నెలో ఉడికిన ఆ పాకం నాకు నచ్చింది.

ఒప్పుకున్నాను గాని మూడు నియమాలు చెప్పాను. అగ్నిని ప్రతిష్ఠించను. సంకల్పం చెప్పను. కన్యాదాన మంత్రం పలకను. సంకల్పమంటే, ఈ దేశంలో, ఈ తిథిలో, ఫలానా గోత్రంవారు ఫలానా కర్మ చేస్తున్నారని ముందుగా చెప్పుకోవడం. కర్త పేరు లేని కర్మ ఎవరికీ అంటదు. కనుక ఆనాడు నేను చదివింది స్వస్తివాచనం, అందరూ చల్లగా ఉండాలనే ఆశీస్సు. జోమోన్ సన్నని నైలాను దారంతో తాళిని పైకి లేపించాడు. మూడో టేకుకు, అంటే అదే దృశ్యాన్ని మూడోసారి తీసినప్పుడు, అది వణకకుండా లేచింది. నాయిక తలవంచింది.

ఆ నాయికగా నటించిన అమ్మాయి మీర. నిజజీవితంలోనూ నర్సే. ఆమెకు మా తెలుగువారి అబ్బాయి కార్తీక్‌తో నిశ్చితార్థం జరిగి ఉంది. వైశాఖంలో పెళ్ళి. ముహూర్తం పెట్టింది నేనే. కార్తీక్ తల్లి వసుంధరగారు శనివారాలు దేవాలయం వంటశాలలో పులిహోర కలుపుతారు. ఆ రోజు చిత్రీకరణ ఉన్నదని ఎరుగక, గరిటె చేత్తోనే వంటశాల గుమ్మంలోకి వచ్చారు. కాబోయే కోడలి మెడ దగ్గరకు తాళి దానంతటదే వెళ్ళడం కళ్ళారా చూశారు. కథ ఏమిటని పక్కనున్నవారిని అడిగారు. చెప్పారు. గరిటె అక్కడే పెట్టి ఇంటికి వెళ్ళిపోయారు.

మర్నాడు తల్లీ కొడుకూ మీరా ముగ్గురూ నా దగ్గరకు వచ్చారు. వసుంధరగారు కూర్చోలేదు.

"పంతులుగారూ, అది పెళ్ళా, కాదా? చెప్పండి."

"కాదమ్మా. సంకల్పం లేదు, దాత లేడు, అగ్ని లేదు."

"అమ్మా, ఇట్స్ జస్ట్ ఎ మూవీ. మీర యాక్ట్ చేసింది, అంతే" అన్నాడు కార్తీక్. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లవాడు, తెలుగును మెత్తగా తిప్పి పలుకుతాడు.

"నువ్వుండరా. మూవీయే అయితే వేషగాణ్ణి పెట్టుకోవచ్చుగా? నిజం పంతులుగారెందుకు, నిజం గుడెందుకు? చచ్చిపోయినవాడు కట్టిన తాళి అది. కట్టించుకున్న నిమిషానికే ఆ పిల్ల ఏమైనట్టు?"

ఆ మాటను ఆమె పూర్తి చేయలేదు. చేయకపోయినా గదిలో అందరికీ వినిపించింది.

నేను శాస్త్రం మరొకసారి విప్పి చెప్పాను. శ్రద్ధగా విన్నారు. చివరికి, "మీరు చెప్పింది నా బుర్రకి ఎక్కిందండీ. కడుపుకి ఎక్కట్లా. ఏదన్నా శాంతి చేయించండి. చేశాకే పెళ్ళి. లేకపోతే వద్దు" అన్నారు.

శాంతి చేయడం నాకు కష్టం కాదు. హాలులో ఫైర్ అలారం ఆపించి చిన్న హోమం చేస్తే ఒక పూటలో అందరి మనసులూ కుదుటపడతాయి. సరే అనబోతున్నాను. మీర తలెత్తింది. కార్తీక్ దగ్గర నేర్చిన తెలుగు ఆమెది.

"నో అంకుల్. శాంతి వద్దు. శాంతి చేస్తే తప్పు జరిగింది అని నేనే చెప్పినట్టు. అప్పుడు లైఫ్ మొత్తం ఆంటీ నన్ను చూసినప్పుడు అదే చూస్తారు."

"చూసావా రా, ఎలా మాట్లాడుతోందో" అన్నారు వసుంధరగారు.

"కరెక్టే మాట్లాడుతోంది అమ్మా."

"నీకు ఆమె ఏం మాట్లాడినా కరెక్టే. మొన్న సాంబారులో కొబ్బరి వేస్తే అదీ కరెక్టే అన్నావు."

మీరకు నవ్వు వచ్చింది. ఆపుకుంది. వసుంధరగారు మాత్రం నవ్వలేదు. వారు వెళ్ళాక నేను చాలాసేపు ఆలోచించాను. నేను శాంతి చేస్తే ఆ పిల్ల మీద ఒక మచ్చ ఉన్నదని దేవుడి ఎదుట ఒప్పుకున్నట్టే. చేయకపోతే పెళ్ళి ఆగుతుంది. ఈలోగా దేవాలయానికి వచ్చే ఒకరిద్దరు పెద్దలు కూడా "పంతులుగారు సినిమాలలో దిగారట" అని చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు.

చూసింది ఒక్క ముక్క గనుకే భయం అంత పెద్దదైందేమో అనిపించింది. తరువాతి శనివారం మధ్యాహ్నం ప్రసాద వితరణ అయ్యాక జోమోన్‌ను లాప్‌టాప్ తీసుకురమ్మన్నాను. భోజనశాలలో బల్ల మీద పెట్టి, అప్పటికి కూర్చినంత భాగం వేశాడు. దానికి రఫ్ కట్ అని పేరు. సంగీతం లేకుండా, అతుకులు కనిపిస్తూ ఉండే తొలి రూపం. వసుంధరగారు కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకుని చూశారు.

పెళ్ళికి ముందు ఒక దృశ్యం ఉంది. బయట మంచు. నాయిక తల్లి వంటింట్లో ఉంటుంది. తలుపు తెరుచుకుంటుంది. ఎవరూ కనిపించరు, నేల మీద నీటి చారలు మాత్రం వంటింటి దాకా వస్తాయి. తల్లి వెనక్కి తిరగకుండానే ఒక తువ్వాలు తీసి కుర్చీ వీపు మీద వేస్తుంది. టీ పోసి ఆ కుర్చీ ముందు పెడుతుంది. మలయాళంలో ఏదో అంటుంది. "తల తుడుచుకో, జలుబు చేస్తుంది" అని మీర మెల్లగా తెలుగులో చెప్పింది.

తరువాత పెళ్ళి దృశ్యం వచ్చింది, తాళి లేచింది. వసుంధరగారు చలించలేదు. అయిపోయాక, "ఆ టీ ముక్క మళ్ళీ వెయ్యి నాయనా" అన్నారు. జోమోన్ వేశాడు. ఇంకోసారి అడిగారు. వేశాడు.

"నేనూ రెండు గ్లాసుల్లో పోస్తాను పంతులుగారూ, కాఫీ" అన్నారు తెర మీద నుంచి చూపు తిప్పకుండానే. "పొద్దున్నే. వీడు లేవక ముందు. ఒకటి నేను తాగుతా. రెండోది కాసేపు ఆయన కూర్చునే చోట ఉంచి, చల్లారాక సింకులో పోసేస్తా."

ఆమె భర్త ఫార్మసిస్టు. ఆయన పోయి కొన్నేళ్ళయింది.

కార్తీక్ తల్లి వంక చూసి, "నాకెప్పుడూ చెప్పలేదు" అన్నాడు.

"ఏం చెప్పను? ట్రెయిన్ పట్టుకోవాలని నువ్వు పరిగెత్తుతుంటే." కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. "ఆ పిల్లకి సినిమాలో ఏదో అంటుకుందని కాదండీ నా భయం. అంటుకునేదేదో నా దగ్గరే ఉంది. నా పెళ్ళప్పుడు మా మేనత్త తలుపు చాటున నిలబడి చూసింది. మొగుడు లేడని. పీటల దగ్గరికి ఎవరూ రమ్మనలేదు, ఆమె రాలేదు. రేపు నా కొడుకు పెళ్ళిలో నేనెక్కడ నిలబడాలి? అది అడగలేక ఇదంతా అడిగాను."

మీర లేచి వెళ్ళి ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆంటీ, మీరు డోర్ దగ్గర నిలబడితే నా పీట కూడా అక్కడే వేయమంటాను. అంకుల్‌కి మంత్రాలు చెప్పడానికి కొంచెం కష్టం. చెప్పులన్నీ అక్కడే ఉంటాయి."

ఈసారి వసుంధరగారు నవ్వారు. నవ్వుతూనే ఆ పిల్ల చేయి పట్టుకున్నారు. ఎంతకీ వదలలేదు. శాంతి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అయితే ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వవలసింది నేను. మన వివాహాలలో మాంగల్యాన్ని కొబ్బరికాయ మీద ఉంచి, పళ్ళెంలో సభ అంతా తిప్పుతారు. పెద్దలు తాకి ఆశీర్వదిస్తే గాని వరుడి చేతికి రాదు. పళ్ళెం దగ్గరకు వస్తున్నకొద్దీ భర్త పోయిన కొందరు స్త్రీలు చూపులు దించుకుని వెనక్కి జరగడం నేను వందల పెళ్ళిళ్ళలో చూశాను. జరగమని ఏ మంత్రమూ చెప్పదు. ఏళ్ళ తరబడి నేను కూడా ఏమీ చెప్పలేదు, నన్నెవరూ అడగలేదు గనుక. వైశాఖంలో కార్తీక్ పెళ్ళినాడు మాత్రం పళ్ళేన్ని నా చేతులతోనే తీసుకువెళ్ళి మొదట వసుంధరగారి ముందు నిలిపాను.

"పంతులుగారూ, నేనా?"

"తల్లి తాకకుండా సభకు ఎలా పంపను?"

ఆమె చేయి చాచారు. తాకాక పళ్ళేన్ని తిరిగి నాకివ్వలేదు. తనే పట్టుకుని వరుస వెంబడి అందరి దగ్గరకూ తిప్పారు.

పౌరోహిత్యంలో మాకు అప్పగించే ప్రశ్న ఒకటి, అడిగేవారిని పీడించేది మరొకటి. మొదటిదానికి శాస్త్రం చాలు. రెండవదాన్ని వినడానికి కూర్చోవాలి. నేను శాస్త్రం చెప్పి లేచిపోదామనుకున్నవేళ, ఒక యువకుడు తీసిన అద్భుతకథ నన్ను కూర్చోబెట్టింది.

శ్రీ జయ నామ సంవత్సర వైశాఖ శుద్ధ ద్వాదశి, హస్తా నక్షత్రం, భానువారం, అనగా 2014 మే 11న చి. కార్తీక్, చి. సౌ. మీరల వివాహం మా దేవాలయంలో అగ్నిసాక్షిగా జరిగింది. ప్రభుత్వం ఇచ్చిన మ్యారేజ్ లైసెన్సు మీద వివాహం జరిపినవాడిగా నేను సంతకం చేశాను. సాక్షుల వరుసలో మొదటి సంతకం వసుంధరగారిది.