నా డైరీలో సిరా పులిమిన వరుస

జనవరి ఏడు, బుధవారం. హాజరైనవారు: నేను, మా కోడలు, పొగమంచుకి బడి మూసేయడంతో ఇంట్లోనే ఉన్న మనవరాలు. కంప్యూటరు తెర మీద కోడలి పై అధికారిణి, అప్పుడప్పుడు.

ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. సైన్యంలో వైర్‌లెస్ ఆపరేటరుగా ఉన్నప్పటి అలవాటు: ముందు తేదీ, తర్వాత డ్యూటీలో ఉన్నవారు, ఆ తర్వాతే సంగతి.

గురుగ్రామ్‌లో మాది పద్నాలుగో అంతస్తు. ఆ ఉదయం కిటికీ బయట ఊరు లేదు. ఎదుటి టవర్లన్నీ చెరిగిపోయి, ఏ మేడ మీదదో ఒక ఎర్రదీపం మాత్రం తెల్లదనంలో తేలుతోంది. ఇల్లే మెల్లగా ఎటో కదులుతున్నట్టు అనిపించింది.

పాప పుట్టాక ఉద్యోగం మానేసిన కోడలు ఏడేళ్లకి ఆ రోజే మళ్లీ పనిలో కూర్చుంది. ఇంటినుంచే చేసే పని. ఎక్కడెక్కడి కంపెనీల కంప్యూటర్లు మొరాయిస్తే సరిచేయాలి, తెరుచుకోని ఖాతాలు తెరిపించాలి, దొంగతనంగా ఎవరైనా దూరుతున్నారేమో కనిపెట్టాలి. మొదటి మూడు నెలలూ పరీక్షాకాలం.

"ఇది పోతే మళ్ల నన్నెవరు పిలుస్తరు మామయ్యా?" అంది, హెడ్‌ఫోన్ సర్దుకుంటూ.

పని గదిలో మరెవరూ ఉండకూడదన్న నిబంధన ఇద్దరం చదివాం. మామగారు 'మరెవరో' ఎలా అవుతారని ఇద్దరమూ అనుకున్నాం. "కూసోండ్రి గానీ దగ్గొద్దు," అని నవ్వింది. మూల కుర్చీలో డైరీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

తెర మీద, పనిలోకి వచ్చినవాళ్ల పేర్ల పక్కన, చిన్న చిన్న పచ్చచుక్కలు వెలిగి ఆరుతున్నాయి. వాటిని చూస్తూ ఎప్పటిదో మంచుకొండ మీది డేరాలోకి వెళ్లిపోయాను. చెవుల్లో అదే గరగర, దూరం నుంచి అదే సన్నని పిలుపు. ఇంతలో కోడలు ఫోనులో ఎవరికో తాత్కాలిక పాస్‌వర్డ్ చెబుతోంది: "ఎం ఫర్ ముంబై... సెవెన్... కే ఫర్ కాన్పూర్..."

అక్షరం అక్షరంగా వినిపిస్తే నా చెయ్యి నన్ను అడగదు. రాసేసింది. పక్కన టైమూ వేసింది.

మధ్యాహ్నం టీ తాగేటప్పుడు నేనే గొప్పగా చూపించాను. "చూడమ్మా, నీ మొదటిరోజు లాగ్. ఒక్క ఫోన్ కాలూ వదల్లేదు."

ఆమె కప్పు కింద పెట్టేసింది. "ఇదేం రాసిన్రు మామయ్యా! పాస్‌వర్డా? కాగితం మీదనా?"

మనవరాలు తొంగి చూసి, అమ్మ ఉద్యోగం పోయిందా అని బడి హిందీలో అడిగింది. "తాతా, మమ్మీ కీ నౌకరీ గయీ క్యా?"

"నువ్వు లోపలికి పో," అంది కోడలు. తర్వాత నెమ్మదిగా, "చింపెయ్యుండ్రి మామయ్యా. ఎవలకు తెలుస్తది?"

ఇన్నేళ్లలో నా డైరీలో ఒక్క పేజీ చింపలేదు. అయినా ఆమె ముఖం చూసి, కాగితం అంచు పట్టుకున్నాను. తను నా చేతిమీద చెయ్యి వేసి ఆపింది.

"మీ మిలిట్రీల ఇట్లయితే ఏం చేస్తుండె?"

"కోడ్ బయటపడిందని అనుమానం వస్తే చాలు, ముందు పైవాళ్లకి చెప్పేవాళ్లం. ఆ కోడ్ మార్చేసేవారు. మా సంగతి తర్వాత చూసేవారు."

"సంగతంటే?"

"ఒకసారి నెల సెలవు పోయింది నాకు."

ఆమె లేచి పని గదిలోకి నడిచింది. తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుని పై అధికారిణికి ఫోన్ చేసి అంతా చెప్పింది, నేను గదిలో ఉన్న సంగతితో సహా. ఆ పాస్‌వర్డ్ వెంటనే మార్పించింది. "ఇట్ హ్యాజ్ టు గో అప్, పైవాళ్లకి చెప్పక తప్పదు. రేపు లాగిన్ అయితే సరే, కాకపోతే ఫోన్ చేస్తాం," అందట ఆవిడ. ఆ వరుస మీద నేను సిరా పులిమి, పక్కన పొట్టి సంతకం చేశాను. సాయంత్రానికి మంచు బాల్కనీ దాకా వచ్చి ఆగింది.

మర్నాడు ఏడింటికి కోడలు కంప్యూటరు ముందు కూర్చుంది. నేను గుమ్మం బయటే నిలబడ్డాను. తెర మీద చిన్న వృత్తం తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. పచ్చచుక్క వెలిగింది. కింద ఒక ఉత్తరం: రాతపూర్వక హెచ్చరిక, ఉద్యోగం కొనసాగుతుంది, గదిలో ఒంటరిగానే ఉండాలి.

ఆమె కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగింది. "మామయ్యా, తలుపు..."

"వేస్తున్నానమ్మా."

హాల్లో కూర్చున్నాను. తలుపు వెనకనుంచి సన్నగా, మాటలు తెలియకుండా, ఆమె గొంతు మాత్రమే వస్తోంది. మోకాలి మీద నా వేళ్లు కాసేపు కదిలాయి. పెన్ను లోపలి గదిలో ఉండిపోయింది.